జాబితాలో లేని పొట్లం

పోయిన వారం మనం వంటింటి బల్ల దగ్గర ఆగాం. పెద్ద అట్టపెట్టె ఖాళీ అయింది. ఏడిళ్ళ సామాను ఏడు కుప్పలుగా పేర్చడం అయింది. జాబితాలో ఆఖరి టిక్కు కూడా పడింది. అయినా బల్ల మీద ఒక పొట్లం మిగిలిపోయింది. పిడికిలంత ఉంది. పాత పూల గుడ్డలో చుట్టి, పురికొసతో అడ్డంగా నిలువుగా కట్టి ఉంది. విప్పితే లోపల ఒక వినికిడి మిషన్. ఇప్పుడందరూ చెవి వెనక పెట్టుకునే చిన్నది కాదు, డబ్బాని జేబులో పెట్టుకుని తీగని చెవిదాకా లాక్కునే పాత రకం. తీగ తెగిపోయి ఉంది. చీటీ లేదు, పేరు లేదు. ఏడిళ్ళలో ఒక్కరూ అది మాదే అనలేదు.

ఈ వారమే మనతో చేరినవాళ్ళ కోసం ఒక్క మాట. ఆ బల్ల పెట్టె వదినది. ఆవిడ ఎవరికీ సొంత వదిన కాదు, అందరికీ పెట్టె వదినే. పరాయి దేశంలో ఆవిడకు ఎనిమిదేళ్ళు గడిచాయి. వచ్చిన కొత్తలో సొంత దేశపు దుకాణం నుంచి ఆన్‌లైన్‌లో ఒక కథల పుస్తకం కొనబోయింది. అన్నీ నొక్కుకుంటూ చివరి పేజీకి వెళ్ళేసరికి, పుస్తకం ఖరీదుకు మూడింతలు దాన్ని పంపే ఖర్చు కనిపించింది. పుస్తకం ఓడలో వస్తోందా పల్లకిలో వస్తోందా అని ఆవిడకు అనుమానం వచ్చింది. తెర మూసేసింది కానీ ఆ సంగతి మాత్రం మనసులోంచి పోలేదు. ఎవరైనా దీనికి ఒక దారి కనిపెట్టే ఉంటారు కదా అని కూపీ లాగడం మొదలుపెట్టింది.

దారి దొరికింది. సొంత దేశంలో ఒక గోదాం ఉంది. పేరు నమోదు చేసుకుంటే మనకో నంబరు, అక్కడి చిరునామా ఇస్తారు. ఏ దుకాణంలో కొన్నా సరుకు ఆ చిరునామాకే పంపించుకోవచ్చు. గోదాంవాళ్ళు నలభై రోజులు దాచిపెడతారు. తర్వాత అన్నిటినీ విప్పి, ఒకే పెట్టెలో సర్ది, ఓడ మీద పంపిస్తారు. ఒక్కొక్క పొట్లానికి వేరే వేరే టికెట్టు ఎందుకు, అందరినీ ఒకే బండి ఎక్కిస్తే పోలేదా అన్నది ఆవిడ వాదన. ఇంకో రహస్యం కూడా ఆవిడే కనిపెట్టింది. వాళ్ళు బరువొక్కటే చూడరు, పెట్టె ఆక్రమించే చోటునీ కొలుస్తారు. బూట్లకయ్యే కిరాయి కన్నా బూట్ల డబ్బాలోని గాలికయ్యే కిరాయి ఎక్కువ. కాబట్టి దుకాణం డబ్బాలన్నీ అక్కడే పారేయించాలి. పది రోజుల్లో రావాలని గోల చేయకూడదు. ఏం వస్తోందో కాగితం మీద ఉన్నదున్నట్టు రాయాలి. ఈ మూడు సూత్రాలూ పట్టుకుని ఆవిడ ఏడిళ్ళను ఒక పెట్టెలోకి తెచ్చింది. నర్సమ్మకు రోజంతా నిలబడే కాళ్ళకు వేసుకునే బిగుతు మేజోళ్ళు, వయొలిన్ మాస్టారికి తీగలు, కవలల తల్లికి పిల్లలు సొంత భాష మరచిపోకుండా బొమ్మల పుస్తకాలు, అన్నీ అందులోనే. పెట్టె వదినకు మాత్రం తన పనికి కావాల్సిన చిన్న చిన్న స్పేర్ పార్టులు. ఎందుకంటే ఆవిడ పొట్ట పోసుకునేది చెవి మిషన్లు బాగుచేసి.

అందుకే ఆ పొట్లం విప్పినప్పుడు అందరూ ఆవిడ వంకే చూశారు. నీదే అయ్యుంటుంది, గుర్తు చేసుకో వదినా అంది నర్సమ్మ. ఆవిడ గుర్తు చేసుకుంది. తను కొన్న ప్రతి స్క్రూకూ బిల్లు దాచుకునే మనిషి. ఇది తనది కాదు. గోదాం వెబ్‌సైటులో, వచ్చిన ప్రతి వస్తువుకూ ఫొటో పెడతారు. అక్కడా ఈ పొట్లం లేదు. అంటే ఇది ఏ దుకాణం నుంచీ రాలేదు. పెట్టె సర్దేటప్పుడు ఎవరో లోపల పెట్టారు.

ఆ ఎవరో అన్న మాట దగ్గరే పెట్టె వదిన మనసు ఇరుక్కుపోయింది. ఎందుకంటే తమ పెట్టె సర్దే మనిషి మీద ఆవిడకు ముందునుంచీ ఒక కన్ను ఉంది. మొదటి పెట్టె సగం గాలితో వచ్చింది. రెండోది వచ్చేసరికి సర్దే చెయ్యి మారినట్టు తెలిసిపోయింది. గిన్నెలో మేజోళ్ళు, మేజోళ్ళలో తీగల చుట్టలు, పుస్తకాల అంచులకు తువ్వాళ్ళు, వేలు పెట్టే సందు లేదు. పెట్టె మూత లోపలివైపు పెన్సిలుతో చిన్న బొమ్మ కూడా గీసి ఉంది. ఏది ఎక్కడ ఉందో, ఏది ముందు తీస్తే మిగతాది నలగదో అందులో చూపించారు. వయొలిన్ మాస్టారు ఆ మూతను కత్తిరించి దాచుకుందామన్నారు. పెట్టె వదిన అప్పటికే కత్తిరించేసింది. ఆ పనిమంతుడెవరో, పనిమంతురాలెవరో అని ఆవిడ చాలాసార్లు అనుకుంది.

సోమవారం పొట్లం తీసుకుని పనికి వెళ్ళింది. ఆవిడ పనిచేసే గది చిన్నది. కిటికీ కింద బల్ల, బల్ల మీద మెడ వంచే దీపం, భూతద్దం, టంకం వేసే కడ్డీ, అగ్గిపెట్టెలంత సొరుగులు ముప్పయ్యారు. పొద్దుటి పనులు త్వరగా ముగించి, మిషన్‌ని మెత్తటి గుడ్డ మీద పెట్టింది. ఊరికే చూస్తాను, బాగుచేయను అని తనకు తానే చెప్పుకుంది. రెండు నిమిషాలు కూడా కాకుండానే స్క్రూడ్రైవర్ చేతిలోకి వచ్చేసింది.

ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉంది. మిషన్ విప్పితే మనిషి కనిపిస్తాడంటుంది. ఈ మిషన్‌లో కూడా ఒక మనిషి కనిపించడం మొదలయింది. సౌండు పెంచే చక్రం ఒక్క చోటే నున్నగా అరిగింది, అన్నిటికన్నా పైన. అంటే పెట్టుకునేవాళ్ళకు మిగిలిన వినికిడి చాలా తక్కువ. చెవిలో దూర్చే అచ్చు చిన్నది, ఆడమనిషిది. దాని అంచును ఎవరో ఓపికగా గరుకు కాగితంతో రాశారు. చెవి ఒరుసుకుపోయి నొప్పి పెట్టి ఉండాలి, చూపించుకునే చోటు దగ్గర్లో లేకపోయి ఉండాలి. తీగ తెగడం ఇదే మొదటిసారి కాదు, అంతకుముందే ఐదు చోట్ల తెగింది. ప్రతి అతుకు మీదా సన్నటి దారం చుట్టి, దాని మీద మైనం పూశారు. బ్యాటరీ ఆనే రేకుల్ని రబ్బరుతో రుద్ది రుద్ది అద్దంలా ఉంచారు. ఇది పారేసిన వస్తువు కాదు. ప్రాణం లేచిపోతున్నదాన్ని ఏళ్ళ తరబడి చెయ్యి పట్టుకుని ఆపిన వస్తువు.

మధ్యాహ్నానికి కొత్త తీగ వేసింది. లోపల వదులైన రెండు చోట్ల టంకం పెట్టింది. బ్యాటరీ వేసి, అచ్చును తుడిచి, పరీక్ష చేసే గొట్టాన్ని తన చెవికి ఆనించుకుంది. ముందు గరగరమంది. తర్వాత గోడ గడియారం చప్పుడు, పక్క గదిలో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, చివరికి తన సొంత ఊపిరి కూడా వినిపించాయి. ఆవిడ గొట్టం తీయకుండా కాసేపు అలాగే కూర్చుంది. ఇన్నాళ్ళూ ఈ గరగరలోంచి ఎవరు ఏం విన్నారో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంది.

ఒక్క విషయం మాత్రం తేలిపోయింది. ఇది బాగుచేయమని పంపిందే. మరి తను చెవి మిషన్లు బాగుచేస్తుందని ఎక్కడో సొంత దేశంలో ఉన్న గోదాంలో ఎవరికి తెలుసు? జవాబు సొరుగుల్లోనే ఉంది. ఇన్నాళ్ళూ పెట్టెల్లో తను తెప్పించుకున్నవి సన్నటి గొట్టాలు, గింజంత స్పీకర్లు, అచ్చులు పోసే పిండి. వాటిని దుకాణం డబ్బాల్లోంచి తీసి సర్దింది ఎవరో, వాళ్ళకు తెలుసు. తను పెట్టె మూత మీది గీతలు చూసి ఆ మనిషిని ఊహించుకుంటున్నట్టే, ఆ మనిషి కూడా తన సామాను చూసి తనని ఊహించుకుంటూ ఉండాలి.  ఆ ఆలోచనకు పెట్టె వదినకు, ఎవరో చీకట్లోంచి పేరు పెట్టి పిలిచినట్టు అనిపించింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి గోదాం నుంచి ఈమెయిల్ వచ్చి ఉంది. పెట్టె కాగితాల మీద రాసిన బరువుకీ అసలు బరువుకీ తేడా ఉందట. మర్నాడు మధ్యాహ్నం మేనేజరు వీడియో కాల్‌లో మాట్లాడతాడట. కింద చిన్న అక్షరాల్లో నియమాలు జతచేశారు. జాబితాలో లేని వస్తువు ఖాతాదారే పెట్టించినట్టు తేలితే ఖాతాకు హెచ్చరిక. రెండోసారి అయితే నంబరు రద్దు. పనివాళ్ళు పెట్టినట్టు తేలితే ఆ రోజే పనిలోంచి తీసివేత.

భర్త లిఫ్టుల మెకానిక్. తాడు బాగుందా లేదా, తలుపు మూసుకుందా లేదా, ఆయనకు మధ్యరకం ఉండదు. మనది కానిదాన్ని మనది కాదని చెప్పడానికి ఇంత ఆలోచన ఎందుకన్నాడు. ఏడిళ్ళవాళ్ళు నిన్ను నమ్ముకుని ఆ పెట్టెలో సామాను వేస్తున్నారు, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కోసం అందరి దారీ మూయిస్తావా అన్నాడు. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. కవలల తల్లి అప్పుడే రెండో విడత పుస్తకాలకు ఆర్డరు పెట్టేసింది. పెట్టె వదిన బాగుచేసిన మిషన్‌నీ, దాంట్లోంచి తీసేసిన పాత తీగనీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన పాత తీగ మీది ఆ ఐదు అతుకుల్నీ ఒక్కొక్కటిగా వేలితో తడిమాడు. ఎవరు వేశారో గానీ గట్టి చెయ్యి అన్నాడు.  తన మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం, గది తలుపు వేసుకుని ఫోన్‌ను భూతద్దం స్టాండుకు ఆనించింది. మేనేజరు సమయానికి కనిపించాడు. నలభై దాటని మనిషి, చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులు. అతని వెనక పొడుగాటి బల్లలు, అట్టల గుట్టలు, టేపు లాగుతున్న చప్పుడు. మర్యాదగానే మాట్లాడాడు. మీలాంటి పాత ఖాతాదారులను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేదన్నాడు. పెట్టె రెండువందల పది గ్రాములు ఎక్కువ తూగిందనీ, టేపు బరువు, అట్ట బరువు అన్నీ తీసేశాకే ఆ తేడా అనీ చెప్పాడు.

"ఒక్కటే ప్రశ్న మేడమ్. మీరు కొననిది ఏదైనా ఆ పెట్టెలో వచ్చిందా?"

 మా పెట్టె సర్దింది ఎవరు అని పెట్టె వదిన ఎదురు ప్రశ్న వేసింది. అతను కొంచెం నీళ్ళు నమిలాడు. తర్వాత చెప్పాడు. తొమ్మిది నెలల కిందట చేరిన ఒక ఆవిడ. వినపడదు. మాట్లాడటం కూడా తక్కువే, ఏదైనా ఉంటే రాసి చూపిస్తుంది. ఆవిడ కట్టిన పెట్టె ఒక్కటి కూడా పగిలిందనో నలిగిందనో ఫిర్యాదు రాలేదట. అలాంటి మనిషిని పోగొట్టుకోవడం తనకూ ఇష్టం లేదు కానీ, పోయిన ఏడాది ఎవడో ఇలాగే ఎవరి పెట్టెలోనో ఏదో దూర్చితే గోదాం లైసెన్సు మీదికే వచ్చిందని, అందుకే నియమం నియమమేనని అన్నాడు.

ఆవిడను ఒకసారి చూడొచ్చా అని అడిగింది పెట్టె వదిన. మేనేజరు ఆలోచించి ఫోన్ అటు తిప్పాడు. మూడో బల్ల దగ్గర ఒక స్త్రీ పెట్టె మడత పెడుతోంది. తనకన్నా నాలుగైదేళ్ళు చిన్నదేమో. కణతల దగ్గర నెరిసిన వెంట్రుకలు. కుడి చెవి మీద పెన్సిలు. పెన్సిలు పెట్టుకోవడానికి తప్ప ఇప్పుడు ఇంక దేనికీ పనికిరాని చెవి. ఆమె తలెత్తలేదు. ఎవరో తనని చూస్తున్నారన్న సంగతే తెలియదు. ఆమె వెనక నుంచి సరుకుల బండి ఒకటి హారన్ కొడుతూ వచ్చింది. హారన్‌కి ఆమె కదల్లేదు. పక్క బల్ల మనిషి వచ్చి భుజం తడితే అప్పుడు జరిగింది.

 ఆ మిషన్‌ని పెట్టెలో పెట్టిన రోజు నుంచీ ఆమె భుజం తట్టే చేతుల మీదే బతుకుతోంది. అది తెలిసి కూడా పంపించింది.

మేనేజరు మళ్ళీ తెర మీదికి వచ్చాడు. పెట్టె వదినకు భర్త మాటలు గుర్తొచ్చాయి. కవలల తల్లి గుర్తొచ్చింది. అయినా నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"అది నాదేనండి. జాబితాలో రాయడం మరచిపోయాను. హెచ్చరిక నా ఖాతా మీద వేసుకోండి."

"ఏది మేడమ్?"

"ఆ చెవి మిషన్."

మేనేజరు కళ్ళు చిట్లించాడు. "నేను రెండువందల పది గ్రాములన్నాను. చెవి మిషన్ అనలేదు."

"నాది కాబట్టే నాకు తెలుసు."

  బిల్లు చూపించమంటే ఏం చెప్పాలి, ఎక్కడ కొన్నావంటే ఏం చెప్పాలి అని పెట్టె వదిన ముందుగా ఏమీ అనుకోలేదు. అబద్ధం ఆడటం ఆవిడకు అలవాటు లేదు, చెవులు అప్పటికే వేడెక్కాయి.

మేనేజరు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. ఇది ఆమె నిన్న పొద్దున్నే రాసిచ్చిందన్నాడు. నేను పిలిపించి అడగ్గానే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా రాసిందన్నాడు. మీ మాట ముందు విని, తర్వాత చూపిద్దామని దాచానన్నాడు.

పెట్టె వదినకు మొహం చెల్లలేదు. అంటే ఆమె ఒప్పేసుకుంది. తను ఆడిన అబద్ధం ఇక ఎవరికీ పనికిరాదు. ఖాతాకు హెచ్చరికా పడుతుంది, ఆమె పనీ పోతుంది. ఏదో చెప్పబోయింది. మేనేజరు చెయ్యెత్తి ఆపాడు.

"కోపంతో అనడం లేదు మేడమ్. మీరిద్దరూ చెబుతున్నది ఒకటే. నాకు అర్థం కానిది అదే."

కాగితం విప్పి తెరకు దగ్గరగా పట్టుకున్నాడు. గుండ్రటి అక్షరాలు, గీత మీద రాసినట్టు తిన్నగా ఉన్నాయి. పెట్టె మూత మీద బొమ్మ గీసిన పెన్సిలే. పెట్టె వదిన కళ్ళజోడు సర్దుకుని చదివింది.

'పొట్లం నేనే పెట్టాను. తప్పు నాదే. కానీ అందులోని మిషన్ నాది కాదు, ఆవిడదే. నా మిషన్ బాగయ్యేదాకా వాడుకోమని ఆవిడే తన చేతులతో నా చెవికి పెట్టారు. నాలుగు రోజుల్లో తెచ్చి ఇమ్మన్నారు. పంతొమ్మిదేళ్ళు పట్టింది. ఎందుకు ఆలస్యమయిందో ఆవిడ అడిగితే ఆవిడకే చెబుతాను, ఇంకెవరికీ చెప్పను.'

పెట్టె వదిన రెండోసారి చదివింది. తను ఆడింది అబద్ధం. ఆ అబద్ధమే అక్కడ నిజమని రాసి ఉంది. పంతొమ్మిదేళ్ళ కిందట తను పని నేర్చుకుంటున్న పిల్ల. రిపేరుకు వచ్చినవాళ్ళకు వాడుకోమని మిషన్లు ఇచ్చి పంపడం తన పనే. అలా ఎంతమందికి ఇచ్చిందో లెక్కే లేదు. వాళ్ళలో ఈ మొహం ఉందా? ఎంత వెతికినా దొరకలేదు.

మేనేజరు ఫోన్ పట్టుకుని మూడో బల్ల దగ్గరికి నడిచాడు. ఆమె భుజం తట్టి తెర చూపించాడు. ఆమె చూసింది. చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది. రెండు అరచేతులూ చీరకు తుడుచుకుని, పెట్టె వదిన పెదాల వంకే కన్నార్పకుండా చూస్తూ నిలబడింది.

తెర వెనక నుంచి మేనేజరు గొంతు నెమ్మదిగా వినిపించింది.

"అడుగుతారా మేడమ్?"